గడియారం సెంటర్ దగ్గరి జనరిక్ మందుల షాపు, ఏడాది వాడాక రాస్తున్నా

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి కొంచెం లోపలికి, సందులో ఉంటుంది ఈ షాపు. అమ్మకు బీపీ, షుగర్ గోళీలు ఏడాదిగా ఇక్కడే తీసుకుంటున్నాం. ఇంతకుముందు నెలకు 1,400 రూపాయలు అయ్యేది, ఇప్పుడు 350 దాటట్లేదు. మూడు నెలలకోసారి టెస్టు చేయిస్తున్నాం, షుగర్ కంట్రోల్‌లోనే ఉంది.

అమ్మకు చదువు రాదు. కౌంటర్‌లో ఉండే తమ్ముడు పొద్దున వేసుకునే గోళీల కవరు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో సూర్యుణ్ణి, రాత్రి వాటి మీద చందమామను గీసి ఇస్తాడు. చీటీలో బ్రాండ్ పేరే ఉన్నా అందులో ఏ మందు ఉందో, ఎంత మోతాదో చూసి, సరిగ్గా అదే తీసి మనకు చూపించాకే బిల్లు వేస్తాడు.

కాకపోతే పేటెంట్ ఉన్న మందులు ఇక్కడ దొరకవు. జనరిక్ (అదే మందును వేరే కంపెనీలు చవగ్గా చేసేది) తయారైతేనే గదా వీళ్లు తెచ్చేది! ఆ బాధ మాకు 2021 మేలోనే తెలిసింది. బాబాయికి కరోనా ముదిరి డాక్టర్ బారిసిటినిబ్ రాస్తే నల్లగొండ, మిర్యాలగూడ అంతా తిరిగాం, హైదరాబాద్ నుంచి తెప్పించేసరికి రెండు రోజులు పోయాయి. పిన్ని హాస్పిటల్ మెట్ల మీద కూర్చొని గంటకోసారి ఫోన్ చేసి "దొరికిందా బిడ్డా" అని అడిగేది. ఆ నెలలోనే, మన పాత పాలమూరు జిల్లా కొత్తూరులో ప్లాంటు ఉన్న నాట్కో అనే మందుల కంపెనీ ఆ మందు కోసం కంపల్సరీ లైసెన్సుకు (పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా మందు చేసుకోవచ్చని సర్కారిచ్చే అనుమతి) అప్లై చేసింది. కొద్ది రోజులకే పేటెంట్ ఉన్న ఎలీ లిల్లీ తనే నాట్కోతో పాటు మరికొన్ని కంపెనీలకు లైసెన్సులిచ్చింది.

కొత్త మందు కనిపెట్టడానికి ఖర్చవుతుంది, పేటెంట్ వద్దని నేననను. కానీ 2012లో నెక్సావర్ అనే క్యాన్సర్ మందుకు ఏం చేశారో చూడండి: నెలకు దాదాపు 2,80,000 రూపాయలున్న కోర్సును 8,880కే అమ్మేలా నాట్కోకు కంపల్సరీ లైసెన్సిచ్చి, పేటెంట్ ఉన్న బేయర్‌కు 6 శాతం రాయల్టీ కట్టమన్నారు. ఎమర్జెన్సీలో ఇలాంటి లైసెన్సులు ఇవ్వడానికి పేటెంట్ చట్టంలో సెక్షన్ 92 ఉంది, అలాంటప్పుడు మహమ్మారి మొదలైన వారంలోనే సర్కారు దాన్ని బయటికి తీయాలి, జనం మెట్ల మీద కూర్చునేదాకా ఆగొద్దు.

షాపు ఆదివారం బంద్. ఇన్సులిన్ కావాలంటే ముందురోజే చెప్పి పెట్టండి, ఫ్రిజ్ చిన్నది, ఎక్కువ స్టాక్ ఉండదు.