నాలుగు 2901 చిప్పుల కంప్యూటర్: ఏళ్ల తరబడి వాడాక

నా దగ్గరున్నది 16 బిట్ల మెషీన్. ఇందులో ప్రాసెసర్ ఒక చిప్ కాదు, రెండు బోర్డులు. ఏఎండీ 1975లో తెచ్చిన 2901లు నాలుగు, ఒక్కోటి 4 బిట్ల లెక్క చూసుకుంటుంది. కూడికలో ఒక చిప్ నుంచి పక్క చిప్‌కు వెళ్లే క్యారీని త్వరగా అందించడానికి 2902, మైక్రోకోడ్ (ప్రాసెసర్ అడుగడుగునా ఏం చేయాలో చెప్పే లోపలి ప్రోగ్రాం) తర్వాత ఎటు వెళ్లాలో తేల్చే 2910 ఉన్నాయి. డెక్ కంపెనీ కేఎస్10 కంప్యూటర్‌లోనూ, జ్యూరిక్‌లో పుట్టిన లిలిత్ కంప్యూటర్‌లోనూ ఉన్నవి ఈ 2901లే.

అన్నిటికన్నా నాకు నచ్చేది గుణకారం. 2901లో 16 రిజిస్టర్లు (సంఖ్యలు దాచుకునే చోట్లు) కాక, క్యూ అని ఇంకోటి ఉంది. గుణకాన్ని అందులో పెట్టి, దాని చివరి బిట్‌ను తిరగేసి, దేన్ని కూడాలో చెప్పే ఐ1 పిన్‌లకు అందిస్తారు. క్యూ చివరి బిట్ 1 అయితే రెండో సంఖ్యను ఫలితానికి కూడుతుంది, 0 అయితే కూడదు. రెండింట్లో ఏది జరిగినా ఫలితం, క్యూ రెండూ కలిసి ఒక బిట్ కుడికి జరుగుతాయి. ఇదంతా ఒకే క్లాక్ టిక్కులో! 16 క్లాక్‌లకు 32 బిట్ల లబ్ధం చేతికొస్తుంది. దీన్ని క్లాక్ ఆపి, ఒక్కో అడుగూ లైట్ల మీద చూడొచ్చు. ఈ బైపోలార్ చిప్పుల రిజిస్టర్లకు క్లాక్ ఆగకుండా నడవాల్సిన అవసరం లేదు కాబట్టి, ఎంతసేపు ఆపినా రిజిస్టర్లలో ఉన్నది చెరిగిపోదు.

ఒకసారి మాత్రం బాగా టెన్షన్ పెట్టింది. సింగిల్ స్టెప్‌లో (ఒక్కో క్లాక్ చొప్పున) ప్రోగ్రాం చక్కగా నడిచేది, పూర్తి వేగంలో లూప్‌లోంచి బయటికి వచ్చేది కాదు. 2901లో ఫలితం సున్నా అని చెప్పే సున్నా ఫ్లాగ్ ఓపెన్ కలెక్టర్ అవుట్‌పుట్, అంటే తీగను కిందికి లాగగలదు కానీ పైకి నెట్టలేదు. నాలుగు చిప్పులవీ ఒకే తీగకు కలిపి, పుల్-అప్ రెసిస్టర్‌తో పైకి లాగాలి. పాత కార్బన్ రెసిస్టర్ విలువ పెరిగిపోయి, తీగ సమయానికి పైకి లేవట్లేదు, అందుకే లూప్ ముగిసిందని మెషీన్‌కు తెలియట్లేదు. రెసిస్టర్ మార్చాక మళ్లీ ఆ సమస్య రాలేదు. ఇంత చిన్న భాగం దాకా వెతుక్కుంటూ వెళ్లగలగడమే ఈ మెషీన్లలో గొప్పదనం.

వేడి ఎక్కువే, ఫ్యాన్ లేకుండా నడపకండి. 5 వోల్టుల సప్లై గట్టిది ఉండాలి. వేగం కోసమైతే దీని జోలికి రావద్దు.

మైక్రోకోడ్ మొదట ప్రామ్‌లలో (ఒకసారే రాయగల మెమరీ చిప్పుల్లో) ఉండేది, నేను ర్యామ్‌కు మార్చుకున్నాను. ఇప్పుడు కావాల్సిన సూచన (ఇన్‌స్ట్రక్షన్) లేకపోతే రాసేసుకుంటున్నాను. 2910 చేరగలిగే 4096 మైక్రోకోడ్ వర్డ్‌ల్లో చోటుకు కొదవ లేదు. ఇలాంటి మెషీన్ మీ చేతికొస్తే, ముందు ఆ ప్రామ్‌లను చదివి కాపీ తీసుకోండి. 2901 పాడైతే ఇంకోటి వెతికి పెట్టుకోవచ్చు, కానీ ఆ మెషీన్ మైక్రోకోడ్ ఇంకెక్కడా ఉండకపోవచ్చు.