సిగాల్ సాఫ్ట్‌వేర్: ఏజీఎన్ వెలుగుకు లెక్క కట్టే పనిముట్టు

గెలాక్సీ నడుమ ఉన్న మహా కృష్ణబిలంలోకి పదార్థం పళ్లెంలా తిరుగుతూ జారుతున్నప్పుడు ఆ పళ్లెం నుంచి అతినీలలోహిత, దృశ్య కాంతులు, దాని దగ్గరి వేడి ఎలక్ట్రాన్ల కరోనా నుంచి ఎక్స్-కిరణాలు, చుట్టూ కమ్మిన ధూళి నుంచి పరారుణ కాంతి వెలువడతాయి. ఏజీఎన్ (యాక్టివ్ గెలాక్టిక్ న్యూక్లియస్) అని పిలిచే ఇలాంటి కేంద్రకం వాటా ఎంత, చుట్టూ ఉన్న నక్షత్రాల వాటా ఎంత అని, వేర్వేరు కాంతుల్లో కొలిచిన వెలుగును తాను కట్టిన నమూనాలతో పోల్చి విడదీసి చెప్పే ఉచిత పైథాన్ ప్రోగ్రాం సిగాల్. ఫ్రెంచిలో ఈ మాటకు కీచురాయి అని అర్థం. లెక్కలు నడిచినంతసేపూ నా ల్యాప్‌టాప్ ఫ్యాను చేసే రొదకు పేరు సరిగ్గా అతికింది.

దీని మూలసూత్రం జమాఖర్చు లాంటిది: ధూళి మింగిన కాంతిశక్తి పరారుణంలో మళ్లీ తేలాలి. 2020లో వచ్చిన ఎక్స్-సిగాల్ రూపం ఈ పద్దులోకి ఎక్స్-కిరణాలను కూడా చేర్చింది. 2500 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరి అతినీలలోహిత వెలుగుకూ 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరి ఎక్స్-కిరణ వెలుగుకూ పరిశీలనల్లో తేలిన సంబంధాన్ని వాడుకుని అది కేంద్రకాన్ని రెండు కొసల నుంచీ బిగిస్తుంది. నా దృష్టిలో దీని అసలు బలం ఇదే. ధూళికి వాడే స్కర్టర్ నమూనా కూడా నున్నటి వలయం కాదు, పలుచటి పొరలో ముద్దలు తేలుతున్నట్టు ఉంటుంది.

వాడకం మొత్తం ఒక్క సెట్టింగుల ఫైలు చుట్టూ తిరుగుతుంది. అందులో ఎనిమిది పరామితులకు ఐదేసి విలువలు ఇస్తే 3,90,625 నమూనాలు పుట్టుకొస్తాయి కనుక ఆశకు పోకూడదు. మొదటిసారి నేను శోషణ సవరణ చేయని, అంటే దారిలో పదార్థం మింగిన వెలుగును తిరిగి కలపని ఎక్స్-కిరణ కొలతలనే ఇచ్చాను. ఫలితంగా కేంద్రకం నీరసించి, మధ్య పరారుణంలో నమూనా గీత నా కొలతల చుక్కలకు బాగా కిందుగా పోయింది. తప్పు నాదే, సవరించినవే ఇవ్వాలని సూచనల్లో ఉంది.

ఏజీఎన్ వెలుగు నెలల్లోనే మారిపోగలదు, ఈ ప్రోగ్రాం మాత్రం అన్ని కొలతలూ ఒకే క్షణానివన్నట్టు చూస్తుంది. వేర్వేరు ఏళ్ల కొలతలు కలిపేవారు దీన్ని మరువకూడదు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ లాగా అతినీలలోహితాన్నీ ఎక్స్-కిరణాలనూ ఒకేసారి చూసే ఉపగ్రహాల విలువ ఇక్కడే తెలుస్తుంది.

తాను కట్టిన నమూనాకే కొంత దోషం కలిపి మళ్లీ తానే విప్పుకునే పరీక్ష ఇందులో ఉంది, దాన్ని తప్పక నడపాలి. నా గెలాక్సీలకు ఆ పరీక్షలో కేంద్రకం వాటా దాదాపు సరిగానే తిరిగి వచ్చింది, చూపు కోణం (కేంద్రకం మనకు ఎంత వాలుగా కనిపిస్తుందో చెప్పేది) మాత్రం చెదిరిపోయింది. అందుకే ఇప్పుడు కోణానికి 30, 70 డిగ్రీలు రెండే ఇస్తున్నాను.