క్రైస్తవ పుస్తకాల ‘ఫ్యామిలీ సెట్’ కొనేముందు లోపలి పేజీ చూపించమనండి

క్రిస్మస్‌కి పుస్తకాలు పంచడం మా ఇంట్లో అలవాటు. కేకు తిన్న మర్నాటికి మర్చిపోతారు, పుస్తకమైతే ఇంట్లో ఉంటుంది అంటుంది అమ్మ. అలా పోయిన నవంబర్ చివర్లో ఫోన్‌లో కనబడిన ఒక ప్రకటన చూసి రెండు సెట్లు ఆర్డర్ పెట్టాను. ఒకటి ఇంట్లోవాళ్లకీ తెలిసినవాళ్లకీ, రెండోది నేను చెప్పే సండే స్కూల్లో బహుమతులకి. సెట్టు 1,499, మొత్తం 2,998 రూపాయలు. ఆ డబ్బు పోయినట్టే. కానీ డబ్బు పోయినందుకే అయితే ఇంత పొడుగున రాసేదాన్ని కాదు.

సెట్టులో ఏడు పుస్తకాలు. పెద్దవాళ్లకి పెద్ద అక్షరాల్లో అనుదిన ధ్యానాలు, ఇంటి ఖర్చులు సర్దుకోవడం మీద ఒకటి, భార్యాభర్తల మాటపట్టింపుల మీద ఒకటి, యౌవనస్థులకి ఒకటి, ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్లకి ఆదరణ పుస్తకం, పిల్లలు రంగులు వేసుకునే బైబిల్ బొమ్మలు, ప్రార్థనలు రాసుకునే డైరీ. ఇంటిల్లిపాదికీ ఒకే పెట్టెలో దొరుకుతుంటే ఎవరికి ఆశ పుట్టదు? అట్టలు కూడా చూడముచ్చటగా ఉన్నాయి. పైగా చిరునామా విజయవాడ, ఏలూరు రోడ్డు. నేను పడిపోయింది అక్కడే. ఏలూరు రోడ్డంటే మాకు పుస్తకాల షాపులే. చిన్నప్పుడు జనవరి వచ్చిందంటే నాన్న గుంటూరు నుంచి బస్సులో తీసుకెళ్లి స్వరాజ్య మైదానంలో పుస్తకాల పండగ చూపించేవారు. ఆ ఊరి పేరు, ఆ రోడ్డు పేరు చూడగానే ఇంకేం అడగబుద్ధి కాలేదు.

అడగాల్సినవి కళ్లముందే ఉన్నాయి. లోపలి పేజీ ఫొటో ఒక్కటీ లేదు, అన్నీ అట్టలే. పార్సిల్ వచ్చాక డబ్బిస్తానంటే కుదరదన్నారు. యూపీఐలో కడుతుంటే షాపు పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వచ్చింది. వాట్సాప్‌లో మాత్రం మర్యాదకి లోటు లేదు. “ప్రైజ్ ది లార్డ్ సిస్టర్, స్టాక్ అయిపోతోంది సిస్టర్.” సిస్టర్ అన్నారని నమ్మేశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది, కొంచెం సిగ్గు కూడా.

డిసెంబర్ 12న పార్సిల్ వచ్చింది. అమ్మకి కంటి శుక్లాల ఆపరేషన్ అయింది, అందుకే ‘పెద్ద అక్షరాలు’ అన్న మాట చూసి కొన్నాను. తీరా చూస్తే అట్ట మీద పేరు ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంది. లోపల మామూలు సైజు, దానికితోడు జిరాక్స్ తీసినట్టు మసక. సరే నేనే చదివి వినిపిస్తానని మొదటి పేజీ తీశాను. “ప్రభువు నా గొర్రెల కాపరి, నేను కోరుకోను” అని ఉంది. అమ్మ “ఏం కోరుకోదట?” అంది.

తెలుగు బైబిల్ చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు. 23వ కీర్తన మొదటి వచనం “యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు.” సండే స్కూల్లో మూడేళ్ల పిల్లలు కూడా అప్పజెప్పేస్తారు. ఇంగ్లిష్ పుస్తకం ఏదో తీసుకుని యంత్రానికిచ్చి తెలుగు చేయించి, ఒక్క మనిషైనా చదవకుండా అచ్చేశారని అప్పుడర్థమైంది. తర్వాత వెతికిన కొద్దీ దొరికాయి. యోబు గ్రంథం (ఇంగ్లిష్‌లో Job) ‘ఉద్యోగం’ అయిపోయింది. అపొస్తలుల కార్యములు (Acts) ‘చట్టాలు’. మార్కు సువార్త ఒకచోట మార్కు, ఇంకోచోట ‘గుర్తు’. పాస్టర్ గారు (minister) ‘మంత్రి’. ఇంటి ఖర్చుల పుస్తకంలో డాలర్లు, ఇంటి వెనక పచ్చిక కోసే మిషను ఖర్చు, అమెరికా రిటైర్మెంట్ ఖాతాలు. గుంటూరు బ్రాడీపేటలో అద్దెకుండే మాకు పచ్చిక కోసే మిషను! తెలుగులో కొత్త నిబంధన 1818లోనే అచ్చయింది. ఒక్కో మాటకి తెలుగేమిటని ఏళ్ల తరబడి కూర్చుని ఆలోచించినవాళ్లున్న భాష ఇది. ఆ మాటలు మా అమ్మమ్మకి చదువు రాకపోయినా నోటికొచ్చు. వీళ్లు తెలుగు బైబిల్ పక్కన పెట్టుకుని ఆ ఒక్క వచనం చూసి రాసినా సరిపోయేది.

బొమ్మల పుస్తకం సంగతి పిల్లలే బయటపెట్టారు. మోషే చేతికి ఆరు వేళ్లు. రంగులేస్తూ ఒక చిన్నోడు లెక్కపెట్టి, “టీచర్, ఈయన గాతు ఊరాయనా?” అన్నాడు. రెండవ సమూయేలు 21వ అధ్యాయంలో గాతులో ఉన్న ఒక పొడవాటి మనిషికి చేతికి ఆరేసి వేళ్లు, కాలికి ఆరేసి వేళ్లు, మొత్తం 24 అని ఉంటుంది. వాడికది గుర్తున్నందుకు సంతోషించాలో, పుస్తకం చూసి ఏడవాలో తెలియలేదు. ఓడలోకి వెళ్తున్న ఏనుగుకి రెండు తోకలున్నాయి. ఆ బొమ్మలూ మనిషి గీసినవి కావు. డైరీలో మాత్రం ఏ తప్పూ లేదు, ఎందుకంటే అందులో ఏమీ లేదు, గీతలు తప్ప.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఆదరణ పుస్తకం సంగతి వేరు.

మా సంఘంలో ఒక అక్కకి ఆగస్టులో భర్త పోయారు. ఆదరణ కూడిక అయ్యాక అందరూ ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోతారు కదా, ఆ తర్వాతే అసలు ఒంటరితనం. నిద్ర పట్టక, తిండి సయించక ఉంటే వాళ్లబ్బాయి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. మాత్రలు రాశారు, కాస్త తేరుకుంటోంది. ఆ పుస్తకం నేను అక్కకిచ్చాను. చదవకుండా ఇచ్చాను. ఆ తప్పు నాదే, ఎవరి మీదా నెట్టను.

మొదటి అధ్యాయం మొదటి వాక్యం “మీ నష్టానికి క్షమించండి.” మీ దుఃఖంలో మేమూ ఉన్నాం అని చెప్పాల్సిన చోట అది. “యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను” అన్న మాట, మన దగ్గర సమాధి దగ్గర చదివేది, అందులో ‘ఉద్యోగం 1:21’ అని ఉంది. అయినా అక్క ఓపిగ్గా చదివింది. మధ్యలో ఒక పేజీలో దిగులుకి మందులు వేసుకోవడం విశ్వాసం తక్కువై చేసే పని అనీ, ఈ రోజే మాత్రలు పారేసి ప్రార్థన మొదలుపెట్టమనీ ఉంది. ఆ పేజీ నేను తర్వాత చూశాను. దాని ముందు పేజీకీ తర్వాతి పేజీకీ సంబంధం లేదు, ఇంకెక్కడిదో తెచ్చి అతికించినట్టుంది. అక్క మాత్రలు ఆపేసింది. నాలుగు రోజులు. వాళ్లబ్బాయి ఫోన్ చేసి “పిన్నీ, మీరిచ్చిన పుస్తకంలో ఏముందసలు?” అన్నప్పుడు నాకు కాళ్లు చల్లబడ్డాయి.

ఇలాంటి మందులు ఉన్నపళంగా ఆపకూడదు, తగ్గించాలన్నా డాక్టరే తగ్గించాలి. ఆ రోజే డాక్టర్‌కి చూపించి మళ్లీ మొదలుపెట్టించారు. పాస్టర్ గారు వాళ్లింటికి వెళ్లి కూర్చుని, “అమ్మా, షుగర్ మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గిందా? ఇదీ అంతే” అని చెప్పాక అక్క మనసు కుదుటపడింది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి అవసరముంటే 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ నంబరుంది, ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

డబ్బు వెనక్కి అడిగాను. “ప్రార్థన చేసుకుని చెప్తాం సిస్టర్” అన్నారు. రెండు రోజులాగి మళ్లీ అడిగితే, దేవుని పుస్తకాల్ని తప్పుపట్టకూడదని నాకే వాక్యం చెప్పారు. మూడోసారికి బ్లాక్.

సెలవు రోజు చూసుకుని బస్సెక్కి విజయవాడ వెళ్లాను. వాళ్లిచ్చిన డోర్ నంబర్లో ఫోన్ కవర్లు అమ్మే కొట్టుంది. ఆ కుర్రాడికి పాపం ఏమీ తెలియదు, “మీరు మూడోవాళ్లు మేడం” అన్నాడు. ఉత్తి చేతులతో రావడమెందుకని ఆ రోడ్డులోనే నిజమైన పుస్తకాల షాపు ఒకదానికెళ్లి, కౌంటర్లో ఉన్న పెద్దాయనకి సంచీలోంచి ఏడూ తీసి చూపించాను. ఆయన చదవను కూడా లేదు, ఏడింటినీ వెనక్కి తిప్పి వరసగా పెట్టారు. ఏడింటి మీదా ఒకటే ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వేసే నంబరు.

ఆ నంబరు పుస్తకానికొకటి ఉండాలి. 13 అంకెలు, 978తో మొదలైతే మన దేశంలో తీసుకున్నదానికి సాధారణంగా ఆ తర్వాత 81 గానీ 93 గానీ ఉంటుంది. ఆయన కాగితం మీద ఇంకో లెక్క చూపించారు. మొదటి అంకెని 1తో, రెండోదాన్ని 3తో, మళ్లీ 1తో, 3తో అలా 13 అంకెల్నీ గుణించి కూడితే వచ్చే మొత్తం సున్నాతో ముగియాలి. మాది ముగియలేదు, అంటే ఎవరో తోచిన అంకెలు వేశారు. “అలాగని నంబరు లేని పుస్తకమల్లా దొంగ పుస్తకం కాదమ్మా, చిన్న చిన్న సంఘాలవాళ్లు నంబరు లేకుండానే మంచి పుస్తకాలు వేస్తారు. దొంగ నంబరు వేశారంటేనే అనుమానించాలి” అన్నారు. లోపలి రెండో పేజీ చూడమన్నారు. ప్రచురించిందెవరు, ఏ ఊళ్లో ఏ ప్రెస్సులో అచ్చయింది, అనువాదమైతే అనువదించిందెవరు. మా ఏడింటిలో ఆ పేజీయే లేదు.

బిల్లు చూసి ఆయన నవ్వారు. 1,270 పుస్తకాల ధర, 229 జీఎస్టీ, అంటే 18 శాతం. అచ్చు పుస్తకాలకీ, పిల్లల రంగుల పుస్తకాలకీ జీఎస్టీ లేదు. పైగా బిల్లు మీద జీఎస్టీ నంబరే లేదు. ఆ నంబరు లేకుండానే పన్ను వసూలు చేసి దేవుని పని అన్నారన్నమాట.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు, యూపీఐ రసీదు, వాట్సాప్ మాటల స్క్రీన్‌షాట్లు, ప్రకటన ఫొటో ఉంటే పని తేలిక. ప్రకటన వాళ్లు తీసేస్తారు, కనబడగానే ఫొటో తీసి పెట్టుకోండి. చిరునామా దొంగది కాబట్టి సైబర్ మోసాల నంబరు 1930కి కూడా చెప్పాను. డబ్బు కట్టిన వెంటనే చెప్పి ఉంటే ఆపే అవకాశం ఉండేదన్నారు, నేను మూడు వారాలు వాళ్ల ప్రార్థన పూర్తవుతుందని ఎదురుచూశాను. జిల్లా వినియోగదారుల కమిషన్లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. కానీ ఎదుటివాడి అసలు చిరునామా తెలియాలి కదా, అక్కడే ఆగింది.

మీరు ఇలాంటి సెట్ కొనాలనుకుంటే ఒకటే చేయండి. మధ్యలో ఏదో ఒక పేజీ, నలభయ్యోదో అరవయ్యోదో మీరే నంబరు చెప్పి, ఫొటో పంపమనండి. పుస్తకం చేతిలో ఉన్నవాడికి అర నిమిషం పని. అందులో వచనం ఉంటే మీ బైబిల్‌తో సరిచూసుకోండి. పంపకుండా వచనాలు చెప్తే వదిలేయండి. ఇక దుఃఖంలో ఉన్నవాళ్లకిచ్చే పుస్తకమైతే మొత్తం మీరు చదివాకే ఇవ్వండి, ఎవరు అచ్చేసినా సరే.

పుస్తకాలు పాత పేపర్లవాడికి వేయలేదు, మళ్లీ ఎవరి చేతికి చేరతాయో అని. ఆదరణ పుస్తకాలు రెండూ ఫిర్యాదు కోసం దాచాను. డైరీలో అమ్మ పాల లెక్క రాస్తోంది. మీకూ ఇలాంటి పెట్టె వచ్చి ఉంటే తీసి చూడండి, ఎక్కడైనా ‘ఉద్యోగం 1:21’ కనబడితే అది ఈ సెట్టే. ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి, నా ఫిర్యాదుకి జత చేస్తాను.