జ్వరం వచ్చిన విద్యార్థికి హాస్టలు మేలా, ఇల్లు మేలా?

2022 జనవరి, కోవిడ్ రోజులు. సంక్రాంతికి ఇంకా నాలుగు రోజులుంది. తిరుపతిలో మా హాస్టలు వరండాలో సగం మంది సంచులు సర్దుకుంటున్నారు, సగం మంది దగ్గుతున్నారు. నాకూ, నా గదిలోనే ఉండే మిత్రుడికీ ఒకే రోజు జ్వరం మొదలైంది. కోవిడ్ పరీక్ష ఫలితం రాకముందే అతను పలమనేరు బస్సు ఎక్కాడు. నేను ఉండిపోయాను. ఆలోచించి తీసుకున్న నిర్ణయమేమీ కాదు. బస్టాండు దాకా వెళ్లే ఓపిక లేదు, అంతే. ఆ తర్వాత మా ఇద్దరికీ జరిగింది చూశాక మాత్రం ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఇల్లే మేలని పెద్దలందరూ అంటారు. 2020 మార్చిలో విశ్వవిద్యాలయాలు నడిచిందీ ఆ దారినే. మార్చి 20న కొండమీద శ్రీవారి దర్శనం ఆగిపోయింది, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ఆనాటికి అది సబబే. టీకా లేదు, మందు లేదు, వ్యాధి ఇంకా చాలా హాస్టళ్ల గడప తొక్కలేదు. వ్యాధి లోపలికి వచ్చాక ఖాళీ చేయించడం మాత్రం పూర్తిగా వేరే సంగతి. అప్పుడు విద్యార్థితోపాటు వ్యాధినీ బస్సెక్కించి ఊరికి పంపినట్టే.

ఇల్లా హాస్టలా అని తేల్చేది ప్రేమ కాదు, గదులు. 2022 జనవరి 5న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు చదివితే ఇది తెలుస్తుంది. అప్పటి నిబంధన ప్రకారం స్వల్ప లక్షణాలున్నవారు ఇంట్లోనే ఉండవచ్చు, అయితే విడిగా ఉండే వసతి కావాలి, రోజంతా అందుబాటులో ఉండే మనిషి కావాలి, ఆ మనిషి టీకా పూర్తిగా వేసుకుని ఉండాలి. పరీక్షలో వ్యాధి తేలిన నాటి నుంచి కనీసం ఏడు రోజులు గడిచి, వరుసగా మూడు రోజులు జ్వరం లేకపోతే బయటికి రావచ్చు. ఏడు రోజులే కదా అనిపిస్తుంది. రెండు గదులు, పెరట్లో ఒకే స్నానాల గది ఉన్న ఇంట్లో ఆ ఏడు రోజులు ఎలా గడుస్తాయి?

నా మిత్రుడిది అలాంటి ఇల్లే. వాళ్ల అవ్వకు డెబ్బై దాటాయి, చక్కెర వ్యాధి ఉంది. టీకా మూడో డోసు, అంటే ముందుజాగ్రత్త డోసు, ఆ జనవరి 10నే మొదలైంది, ఆమెకు ఇంకా అందలేదు. మనవడు వచ్చాడని ఆమె చేసిన మొదటి పని అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం. మూడో రోజుకు ఆమెకూ దగ్గు. ముందు ఊరి దగ్గరి ఆరోగ్య కేంద్రం, తర్వాత పలమనేరు, ఆ తర్వాత చిత్తూరు. ఆమె బతికి ఇల్లు చేరింది, అది మా అందరి అదృష్టం. ఎవరు ఎన్ని చెప్పినా నా మిత్రుడి మనసులో మాత్రం ఆ బరువు అలాగే ఉంది.

ఇక హాస్టలు. దానికీ పెద్ద లోపాలున్నాయి, దాచను. స్నానాల గదులు ఉమ్మడివి. భోగి రోజు నుంచి మెస్సు మూసేశారు. మిగిలినవాళ్ల తిండి సంగతి ఎవరూ అడగలేదు. రాత్రి ఆయాసం వస్తే పక్కన మనిషి ఉండడు. నన్ను ఆదుకున్నది భవనం కాదు, పండుగకు వెళ్లకుండా ఆగిపోయిన నలుగురు జూనియర్లు. నిబంధనలు ఒప్పుకోకపోయినా ఒక గదిలో కరెంటు కుక్కరు పెట్టి అన్నం, చారు వండారు. నా తలుపు బయట ఒక పాత కుర్చీ వేశారు. ఒకతను దానిమీద క్యారియర్ పెట్టి, రెండుసార్లు తలుపు కొట్టి, మెట్ల దాకా వెనక్కి వెళ్లి నిలబడేవాడు. నేను తలుపు తీశాక అక్కడి నుంచే అడిగేవాడు: "ఎంత చూపిస్తోంది అన్నా?" వేలికి పెట్టుకున్న ఆక్సిజన్ మీటరు చూసి "తొంభై ఆరు" అనేవాణ్ణి. గోడకు అంటించిన కాగితం మీద పెన్సిలుతో రాసుకునేవాడు. 94 కన్నా తగ్గినా, మూడు రోజులు దాటి జ్వరం వంద మీదే ఉన్నా వెంటనే బయలుదేరాలని ఆటో మాట్లాడి పెట్టుకున్నారు. తిరుపతిలో ఉన్న గొప్ప సౌకర్యం అదే: అలిపిరి దారిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. కుప్పం అవతలి పల్లెకు వెళ్లిన విద్యార్థికి ఆ భరోసా ఎక్కడిది?

ఉమ్మడి స్నానాల గదికి వాళ్లే ఉపాయం చూశారు. మా అంతస్తు చివరనున్నది జ్వరం వచ్చినవాళ్లకే వదిలేశారు. నాలుగో రోజున ఇంకొకరికి వ్యాధి తేలితే అతన్ని నా గదికే పంపారు. వ్యాధి తేలినవాళ్లిద్దరు ఒకే గదిలో ఉంటే ఇబ్బంది లేదు, రాత్రి ఒకరికొకరు తోడు కూడా. విశ్వవిద్యాలయాలు చేయవలసిన పని కుర్రవాళ్లు ఒక పూటలో చేశారు.

బయట అద్దెగదులు మూడో దారి. బైరాగిపట్టెడ, కొర్లగుంట లాంటి చోట్ల ఒంటరిగా ఉండే విద్యార్థుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇంటి తిండీ లేదు, హాస్టలు మనుషులూ లేరు. అన్నిటికన్నా కష్టం వాళ్లది. హాస్టలు వాళ్లు వండే అన్నంలో వాళ్లకూ ఒక క్యారియర్ ఉండాలి.

జ్వరం తగ్గాక సంగతి ఇంకా ముఖ్యం, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నీరసం, ఆయాసం, చదివింది మనసుకు పట్టకపోవడం కొందరిని నెలల తరబడి వదలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులోనే చెప్పింది. క్యాంపస్‌లో నాకు రెండో అంతస్తు ఎక్కేలోగా రెండుసార్లు ఆగవలసి వచ్చేది; నాతోపాటు ఇంకో ముగ్గురు ఆగేవారు. సాయంత్రం చెట్ల కింద కాసేపు నడిచేవాళ్లం. తరగతి పాఠాలు ఒకరు రాసుకుంటే నలుగురం చదివేవాళ్లం. ఇంట్లో జ్వరం పోతే మనిషి బాగయ్యాడనే లెక్క. అబ్బాయైతే టమాటా తోటలోకి పిలుస్తారు. అమ్మాయైతే మరుసటి పూటకే వంటింట్లో ఉంటుంది. మహిళా హాస్టలు నుంచి వెళ్లిన మా తరగతి అమ్మాయి ఒకరు విశ్రాంతి కోసమే ఇంటికి పోయి, సంబంధాలు చూస్తున్నారని ఫోను చేసి ఏడ్చింది. ఆడపిల్లల విషయంలో ఇల్లు మేలని చెప్పేముందు ఆమెకు తిరిగి వచ్చే తేదీ ఉందో లేదో అడగాలి.

నా తీర్పు ఇది. మిద్దె మీద విడిగా గది, దానికే స్నానాల గది ఉండి, ఇంట్లో వృద్ధులు లేకపోతే ఇంటికి వెళ్లండి, బస్సులో మాత్రం వద్దు. ఉబ్బసం, గుండె జబ్బు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. మిగిలినవాళ్లందరికీ హాస్టలే మేలు, మెస్సు నడుస్తూ ఉంటే.

ఆ ఏడు రోజులూ అమ్మ రోజుకు మూడుసార్లు ఫోను చేసేది. "వచ్చేయరా, సంగటి ముద్ద చేసి పెడతాను" అనేది. రానన్న ప్రతిసారీ ఆమె గొంతు చిన్నబోయేది. మా ఇంట్లోనూ అవ్వ ఉంది. ఆ మాట అమ్మకు నేను నోరు తెరిచి చెప్పలేదు, ఆమే ఐదో రోజున అంది: "అవ్వ నిన్నడిగింది. బాగా తగ్గాకే రమ్మంది."