పీఆర్పీ వేయించుకున్నాక ఏడాదిన్నర: మోకాలు బాగానే ఉంది, నా గొడవంతా సీఆర్పీ రిపోర్టుతోనే

గుజ్జు అరిగిన మోకాలికి పీఆర్పీ అంటే, మన రక్తమే తీసి, మిషన్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని మోకాల్లోకి ఎక్కిస్తారని ఇప్పుడు హనుమకొండలో ఎవరినడిగినా చెప్తారు. ఆ వివరాల్లోకి పోను. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్పీ అనే రక్తపరీక్ష అంకె చూపించి ఇంజెక్షన్లు అంటగట్టడం మీదే నా కోపం.

మొదటి ఇంజెక్షన్‌కు ముందు నా సీఆర్పీ 7, తర్వాత 4. "చూశారా అమ్మా, లోపల వాపు సగం తగ్గింది" అన్నారు క్లినిక్‌లో. నొప్పి కూడా తగ్గడంతో సంతోషపడ్డాం. రెండోది వేశాక కొన్ని వారాలకు అదే పరీక్షలో 38 వచ్చింది. మూడోది వెంటనే వేయించుకోకపోతే కీలు పాడవుతుందన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. మా ఆయన చిట్టీ ఎత్తుదామన్నాడు. మోకాలేమో ఎర్రబడలేదు, వాయలేదు, మెట్లెక్కినా ఎప్పటిలాగే ఉంది.

మా ఆడబిడ్డ పట్టుబట్టి కాజీపేటలో ఇంకో డాక్టరుకు చూపించింది. ఆయన రిపోర్టు పక్కన పెట్టి, రెండు మోకాళ్ల మీదా అరచేయి ఆనించి వేడి చూశారు. చిప్ప పక్కన నొక్కి నీరు చేరిందేమో చూశారు. తర్వాత జ్వరం వస్తోందా, మూత్రంలో మంట ఉందా, పళ్లు ఎలా ఉన్నాయని అడిగారు. కుడివైపు నమలలేక అప్పటికే చాలా రోజులైంది. తీరా చూస్తే దవడ పన్ను వేరు దగ్గర చీము! పన్నుకు వైద్యం చేయించుకున్నాక సీఆర్పీ 3కి దిగింది, మోకాలికి ఒక్క సూది కూడా పడకుండానే.

సీఆర్పీని తయారుచేసేది కాలేయం. ఒంట్లో ఎక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నా, వాపున్నా పెరుగుతుంది. అది మోకాలిదేనని ఆ అంకె చెప్పదు. గుజ్జు అరిగినవాళ్లలో చాలామందికి మామూలుగానే ఉంటుంది, లేదంటే కాస్త ఎక్కువ. అందుకే మొదట్లో 7 నుంచి 4కి దిగినదాన్ని కూడా ఇప్పుడు ఇంజెక్షన్ ఖాతాలో వేయడం లేదు.

మరి ఇంజెక్షన్ పనిచేసిందా? కుట్టు మిషన్ తొక్కుతుంటే ఒక జాకెట్టు పూర్తికాకముందే పట్టేసే మోకాలు, ఇప్పుడు పొద్దంతా ఆగకుండా తొక్కనిస్తోంది. అది నాకు చిన్న విషయం కాదు. కాకపోతే ఆ రోజుల్లోనే తొడ కండరాల వ్యాయామాలు మొదలుపెట్టాను, బరువూ కొంత తగ్గాను. ఆస్ట్రేలియాలో నాలాగా తొలి, మధ్య దశ అరుగుదల ఉన్న 288 మంది మీద చేసిన పరిశోధన 2021లో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే పీఆర్పీ వేసినవాళ్లకూ ఉత్త సెలైన్ వేసినవాళ్లకూ నొప్పిలో గానీ గుజ్జులో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నా మోకాలి విషయంలో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను.

అరుగుదలలో నాది రెండో గ్రేడ్ (ఇంకా తొలి దశే), షుగర్ లేదు, పని మానుకునే వీలూ లేదు. నొప్పి తిరగబెడితే, చేతిలో డబ్బులుంటే ఇంకోటి వేయించుకుంటానేమో. గుజ్జు బాగా అరిగి కాళ్లు వంకరపోయిన మా అక్కకు మాత్రం వేయించుకోమని చెప్పను. ఈసారి ఎవరైనా సీఆర్పీ కాగితం చూపించి తొందరపెడితే, ముందు మోకాలు పట్టుకుని చూడమంటాను.