మోటార్ల షెడ్డులో ఒమేగా: ఆక్వా టెర్రాతో ఆరేళ్లు

అనంతపురంలో నాకు మోటారు రివైండింగ్ షాపు ఉంది. బోరు మోటార్లు, మిక్సీలు, డ్రిల్లింగ్ మిషన్లు చేస్తాం. చేతులకు వార్నిష్, గోళ్లలో గ్రీజు. ఆ చేతికే ఆరేళ్లుగా ఒమేగా కంపెనీ వాచీ, ఆక్వా టెర్రా అనే మోడల్, 38 ఎంఎం సైజుది, ఉంటోంది. కొనేముందు దీని గురించి చాలా రివ్యూలు చదివాను. అన్నీ బీరువాలో దాచుకుని పెళ్లిళ్లకు తీసేవాళ్లవే. షెడ్డులో పెట్టుకునేవాడు ఒక్కడూ కనిపించలేదు, అందుకే రాస్తున్నా.

ముందు మా నాయన వాచీ సంగతి చెప్పాలి. హెచ్‌ఎంటీ జనతా. 17 జ్యువెల్స్, రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. ఆయన పోయాక నేను పెట్టుకున్నా. నెల తిరక్కముందే అది రోజుకు ఇరవై నిమిషాలు ముందుకు పరిగెత్తడం మొదలుపెట్టింది. పాతూరులో వాచీలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్లా. ఆయన మూత కూడా విప్పలేదు. చిన్న దిక్సూచి తీసి పక్కన పెట్టాడు. ముల్లు గిర్రున వాచీ వైపు తిరిగింది.

"అయస్కాంతం పట్టింది నాయనా. ఏం పని చేస్తావు నువ్వు?" అన్నాడు.

చెప్పాను. నవ్వాడు.

వాచీ లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఉంటుంది, హెయిర్‌స్ప్రింగ్ అంటారు. అయస్కాంతం పడితే దాని చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టే లెక్క, చక్రం తొందర తొందరగా ఊగుతుంది, టైము ముందుకు పోతుంది. ఆయన డీమాగ్నెటైజర్ మీద పెట్టి నిమిషంలో సరిచేశాడు, డబ్బులు కూడా తీసుకోలేదు. పది రోజులకు మళ్లీ అదే కథ. మా షాపులో గ్రోలర్ ఉంటుంది. ఆర్మేచర్‌లో, అంటే మోటారులో తీగ చుట్టి ఉండే తిరిగే భాగంలో, ఎక్కడైనా షార్ట్ అయిందేమో చూసే విద్యుదయస్కాంతం అది, స్విచ్ వేస్తే గుర్రుమంటుంది. రోజులో సగంసేపు నా ఎడమ చెయ్యి దాని దగ్గరే ఉంటుంది. ఇక లాభం లేదని జనతాను బీరువాలో పెట్టేశా.

అయస్కాంతానికి లొంగని వాచీ కోసం వెతుకులాట అలా మొదలైంది. పాతకాలంలో ఇలాంటి వాచీల్లో మిషను చుట్టూ మెత్తని ఇనుముతో ఇంకో డబ్బా పెట్టేవారు. 1957లో ఒమేగా తెచ్చిన రైల్‌మాస్టర్ ఆ రకందే, 1000 గాస్ దాకా తట్టుకునేది (గాస్ అంటే అయస్కాంతం బలానికి కొలత). 2013లో అదే కంపెనీ ఆ డబ్బాను వదిలేసి, లోపలి భాగాలనే అయస్కాంతం పట్టని వాటితో చేసి చూపించింది. హెయిర్‌స్ప్రింగ్ సిలికాన్‌ది. 15,000 గాస్ దాకా దానికేమీ కాదు. మామూలు వాచీ మీద యాంటీ మాగ్నెటిక్ అని రాసుకోవడానికి దాదాపు 60 గాస్ తట్టుకుంటే చాలట. నా పనికి ఆ 60 ఏ మూలకు? ఇంకో సుఖం ఏమంటే, ఇనప డబ్బా లేదు కాబట్టి వెనక మూతకు అద్దం పెట్టారు. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు వాచీ తిప్పి చక్రం ఊగేది చూస్తూ కూర్చుంటా.

2019 డిసెంబరులో బెంగళూరు వెళ్లి కొన్నా. మూడున్నర లక్షల పైన పడింది. బిల్లు రెండు లక్షలు దాటితే పాన్ నంబరు అడుగుతారు, కార్డు జేబులో పెట్టుకుని వెళ్లండి. నేను మర్చిపోయి ఇంటికి ఫోన్ చేసి ఫొటో పంపమన్నాను. దాంతో ధర ఎంతో ఇంట్లో తెలిసిపోయింది. "ఆ డబ్బుకు సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్ వచ్చేది కదా" అంది మా ఆవిడ. వచ్చేది, నిజమే.

టైము విషయంలో వంక పెట్టడానికి లేదు. రోజుకు సున్నా నుంచి ఐదు సెకన్లు ముందుకు పోవచ్చని కంపెనీ మాట. నాది రెండు సెకన్లు పోతుంది. వెనక్కి మాత్రం ఒక్కరోజూ పోలేదు. ముప్పై ఒకటి లేని నెల అయిపోయాక తేదీ మనమే మార్చుకోవాలి, ఏడాదికి ఐదుసార్లు. పనిలో పనిగా అప్పుడే టైమూ సరిచేస్తా. తేదీ గడి మరీ చిన్నది. చత్వారం వచ్చాక అద్దాలు లేకుండా కనిపించడం లేదు, ఆ తప్పు వాచీది కాదనుకోండి.

నీళ్ల భయం లేదు. 150 మీటర్ల లోతు దాకా హామీ ఉంది, కీ బిరడాలా బిగించే రకం. కొత్త మోటారు దించి స్విచ్ వేసినప్పుడు ఎర్రమట్టి నీళ్లు దూకుతాయే, ఆ ధార కింద ఎన్నిసార్లు చెయ్యి పెట్టానో. సాయంత్రం సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో తోమేస్తా.

నన్ను విసిగించేది చైనే. నా మోడల్ చైనుకు కొద్దిగా వదులు చేసుకునే ఏర్పాటు లేదు. లింకు తీయడమో కలపడమో, అంతే. డిసెంబరులో సరిగ్గా ఉన్నది మే నెల ఎండకు మణికట్టు ఉబ్బి పట్టేసినట్టుంటుంది. ఇన్ని లక్షలు పోసి కొన్నవాడికి ఆ చిన్న సౌకర్యం ఇవ్వకపోవడం నాకు పిసినారితనంగానే తోచింది. ఇక్కడే ఒక షాపులో లింకు కలపమంటే వాళ్ల స్క్రూడ్రైవర్ జారి పొడుగ్గా గీత పడింది. అప్పట్నుంచి ఎండాకాలం నాలుగు నెలలూ రబ్బరు పట్టీ వేస్తున్నా. పాలిష్ మెరుపు ఉన్న చోటల్లా గీతలే. మొదటి గీతకు రాత్రి నిద్ర పట్టలేదు, ఇప్పుడు లెక్క పెట్టడం మానేశా.

ఐదేళ్ల వారంటీ అయిపోయింది. సర్వీసుకు మళ్లీ బెంగళూరే. ఫోన్లో ఖర్చు ఎంతవుతుందో కనుక్కున్నాక ఇంకొన్నాళ్లు చూద్దాంలే అనిపించింది. టైము చూసుకోవడానికే అయితే వెయ్యి రూపాయల బ్యాటరీ వాచీ చాలు. కీ ఇచ్చే రోజుల నుంచి మిషను వాచీ చప్పుడుకు అలవాటు పడి, నాలా అయస్కాంతాల మధ్య బతికేవాళ్లకు మాత్రం ఇది ధైర్యంగా చెబుతా.

ధర విషయంలో ఒక జాగ్రత్త. షాపులో ఎవరడిగినా పదిహేను వందలనే చెబుతా. అసలు ధర తెలిస్తే నా రివైండింగ్ బిల్లు మీద బేరం ఎక్కడి దాకా పోతుందో నాకు తెలుసు. పోయిన నెల ఉరవకొండ వైపు నుంచి ఒక పెద్దాయన మోటారు తెచ్చాడు. చేతికి అచ్చం ఇలాంటి వాచీ, మీద ఒమేగా పేరే. బెంగళూరులో ఫుట్‌పాత్ మీద కొన్నాడట.

"నీది ఎంత సామీ?"

"పదిహేను వందలు పెద్దాయనా."

"నాది పన్నెండొందలే," అని మురిసిపోయాడు.

మిక్సీ ఆర్మేచర్ ఒకటి గ్రోలర్ మీద పెట్టి స్విచ్ వేశా. చూద్దామని ఆయన చెయ్యి ఆనించి వంగాడు. సెకన్ల ముల్లు ఆగిపోయింది. చెయ్యి తీస్తే నడిచింది, పెడితే ఆగింది. నా చేతివైపు చూశాడు. నాది నడుస్తూనే ఉంది.

"ఇంగో మున్నూరు పెట్టింటే సరిపోయేది," అన్నాడు.