మిన్-మాక్స్ బటన్ ఉన్న మల్టీమీటరు: ఏడేళ్లు బోటులో వాడాక

ఈ మీటరు ఎన్ని వోల్టుల దాకా కొలుస్తుంది, తెర మీద ఎన్ని అంకెలు పడతాయి లాంటివన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. నేను రాయాలనుకున్నది దాని మీదున్న ఒకే ఒక్క బటన్ గురించి. మిన్-మాక్స్ అని ఉంటుంది, నొక్కితే అప్పటినుంచి పడిన అతి తక్కువ (మిన్), అతి ఎక్కువ (మాక్స్) అంకెల్ని మీటరు దాచి పెట్టుకుంటుంది. కొన్నాక మొదటి రెండేళ్లూ దాన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు. ఇప్పుడు ఆ బటన్ లేని మీటరు ఊరికే ఇచ్చినా నా బోటులో పెట్టుకోను.

ముందు నా పరిస్థితి చెప్పాలి. ఉప్పునీళ్లలో తిరిగే చిన్న ఫైబర్ బోటు, వెనక పెట్రోలు అవుట్‌బోర్డ్ ఇంజిన్, సెల్ఫ్ స్టార్ట్, పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటే. ఎక్కువసార్లు ఒక్కడినే వెళ్తాను. తాళం స్టీరింగ్ దగ్గర, బ్యాటరీ వెనక మూల. కాబట్టి సెల్ఫ్ కొడుతూ మీటరు చూడటం నాకు కుదరదు. పక్కన ఎవరైనా ఉన్నా పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే సెల్ఫ్ తిరిగే ఆ రెండు సెకన్లలో అంకెలు గబగబా మారిపోతాయి, అడిగితే "పదకొండేదో కనిపించింది" అంటారు. ఈ బటన్ నొక్కి వదిలేస్తే వోల్టేజీ ఎంత కిందికి పడిందో మీటరే గుర్తు పెట్టుకుంటుంది, మనం తాపీగా వెనక్కి వచ్చి చూసుకోవచ్చు.

దీని విలువ నాకు తెలిసింది మూడో ఏడాదిలో. తాళం తిప్పితే ఒక్కోసారి మామూలుగా స్టార్ట్ అయ్యేది, ఒక్కోసారి టక్‌మని చప్పుడు చేసి ఆగిపోయేది, ఒక్కోసారి మూలుగుతూ అర చుట్టు తిరిగి నిలబడిపోయేది. ఒడ్డున ఉన్నప్పుడు బాగానే ఉండేది, నీళ్లలో గంటో రెండు గంటలో ఇంజిన్ ఆపి మళ్లీ కొడితే మొరాయించేది. బ్యాటరీకి మీటరు పెడితే 12.6 చూపించేది. అంటే ఫుల్ ఛార్జ్. అయినా అనుమానంతో బ్యాటరీ మార్చాను. రెండు వారాలు బాగుంది, మళ్లీ అదే టక్. తెలిసిన మెకానిక్ సోలెనాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు వదిలే పెద్ద స్విచ్) పోయింది అన్నాడు, అదీ మార్చాను. ఆ తర్వాత ఒకరోజు చీకటి పడే వేళకి ఒడ్డుకి చాలా దూరంలో ఇంజిన్ అసలు తిరగలేదు. ఇంజిన్ మూత తీసి, ఎమర్జెన్సీ తాడు ఫ్లైవీల్‌కి చుట్టి, ఊగే బోటులో నిలబడి లాగాను. ఆరో లాగుడుకి అందుకుంది. ఆ రోజు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. బ్యాటరీ కొత్తది, సోలెనాయిడ్ కొత్తది, మరి ఏమైనట్టు?

ఇక్కడే మీటరు మీద కొంచెం కోపం కూడా ఉంది, అదీ చెప్తాను. వైర్లు చూద్దామని ఒక్కో కేబుల్ రెండు చివర్లా ప్రోబులు (మీటరు వైర్ల కొసనుండే సూదులు) పెట్టి బీప్ టెస్ట్ చేశాను, దారి తెగకుండా ఉంటే మీటరు బీప్ అంటుంది. ఎర్ర కేబుల్ బీప్. నల్ల కేబుల్ బీప్. అన్నీ బాగున్నాయి అనుకున్నాను. అసలు సంగతేంటంటే, బీప్ టెస్ట్‌లో మీటరు వైరు గుండా పంపే కరెంటు చాలా చాలా తక్కువ. వంద పోగుల కేబుల్‌లో ఒక్క పోగు మిగిలి ఉన్నా బీప్ వస్తుంది. స్టార్టర్ మోటార్ లాగేది వంద ఆంపియర్లకి అటూ ఇటూ. ఆ భారం ఆ ఒక్క పోగు మోయలేదు. ఓమ్స్‌లో కొలిచినా తేలదు, ఎందుకంటే కేబుల్‌లో 0.03 ఓమ్ ఉన్నా వంద ఆంపియర్ల దగ్గర 3 వోల్టులు మాయమైపోతాయి, కానీ నా మీటరు ప్రోబు వైర్లే 0.2 ఓమ్ చూపిస్తాయి. వాటి కంటే చిన్నదాన్ని అది ఎలా పట్టుకుంటుంది? ఆ బీప్‌ని నమ్మి ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాను. ఇప్పుడు దాన్ని ఫ్యూజులు చూడటానికి తప్ప వాడను.

అప్పుడు వోల్టుల్లో కొలవడం మొదలుపెట్టాను, సెల్ఫ్ తిరుగుతుండగా. నా ఇంజిన్‌కి కిల్ స్విచ్ (మనిషి నీళ్లలో పడితే ఇంజిన్ ఆపేది) క్లిప్పు తీసేస్తే సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు, అన్ని ఇంజిన్లకీ ఇలా ఉండదు, కొన్నింటికి సెల్ఫ్ కూడా ఆగిపోతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, మొసలినోటి క్లిప్పులతో మీటరుని బ్యాటరీ మీద తగిలించి, బటన్ నొక్కి, ముందుకెళ్లి ఐదు సెకన్లు తాళం తిప్పాను. వెనక్కి వచ్చి చూస్తే మిన్ 11.4. సెల్ఫ్ చూస్తే నీరసంగా మూలిగింది, బ్యాటరీ చూస్తే హాయిగా ఉంది! తర్వాత స్టార్టర్ మోటార్ దగ్గరే, దాని పెద్ద బోల్టుకీ దాని ఒంటికీ మధ్య కొలిచాను. 8.0. దారిలో 3.4 వోల్టులు పోతున్నాయన్నమాట. ఎటు పోతున్నాయి? ఒక క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కి, ఇంకోటి స్టార్టర్ బోల్టుకి పెట్టి మాక్స్ చూశాను, కేబుల్, సోలెనాయిడ్ అన్నీ కలిపి 0.3. పర్వాలేదు. ఇక మైనస్ వైపు. ఎర్ర క్లిప్పు ఇంజిన్ ఒంటికి, నల్లది బ్యాటరీ మైనస్‌కి, మళ్లీ ఐదు సెకన్లు.

మాక్స్ 3.1.

ఆ అంకె చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఏడాదిగా నన్ను తిప్పిన దొంగ దొరికాడు. పైకి చూస్తే నల్ల కేబుల్ నిగనిగలాడుతోంది, నట్టు బిగుతుగానే ఉంది. ఇంజిన్ వైపు లగ్గు (బోల్టుకి బిగించడానికి కేబుల్ చివర ఉండే లోహపు ముక్క) చేత్తో పట్టుకుంటే వేడిగా ఉంది, ఐదు సెకన్లకే. మూడు వోల్టులు, వంద ఆంపియర్లు అనుకుంటే మూడు వందల వాట్లు అక్కడే కాలుతున్నట్టు. లగ్గు దగ్గర కోసి చూస్తే లోపల రాగి పోగులు నల్లబడి, చిలుము పట్టి, పొడిపొడిగా రాలాయి. తగరం పూత లేని మామూలు రాగి కేబుల్ అది, లగ్గు వెనక సందు మూయకుండా వదిలేశారు, ఆ సందులోంచి ఉప్పునీళ్లు పోగుల వెంట పాకాయి. వేడెక్కినప్పుడల్లా ఆ మిగిలిన నాలుగు పోగులూ ఇంకా బలహీనపడేవేమో, ఒకసారి పనిచేసి ఇంకోసారి చేయకపోవడానికి నాకు కనిపించిన కారణం అదే.

తగరం పూత ఉన్న కేబుల్ తెచ్చి, లగ్గు గట్టిగా క్రింప్ చేయించి (నొక్కి బిగించి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడిగి వేడిచేసి మూశాను. సెల్ఫ్ కొడితే గిర్రున తిరిగింది. మైనస్ వైపు మాక్స్ 0.1. కానీ బ్యాటరీ మిన్ చూస్తే 10.7! ముందు 11.4 ఉండేది కదా, బాగు చేశాక తగ్గిందేమిటని ఒక్క నిమిషం గుండె జారింది. కాసేపు కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. ఇంతకుముందు పాడైన లగ్గు కరెంటుని అడ్డుకునేది కాబట్టి బ్యాటరీ మీద భారమే పడలేదు, ఇప్పుడు మోటార్ తనకి కావలసినంత లాగుతోంది. అంటే సెల్ఫ్ నీరసంగా ఉండి బ్యాటరీ వోల్టేజీ పైనే ఉంటే దారిలో అడ్డు ఉంది, సెల్ఫ్ నీరసంగా ఉండి వోల్టేజీ కూడా 9.6 కిందికి కూలితే ముందు బ్యాటరీనే అనుమానించాలి. ఈ ఒక్క తేడా మొదట్లో తెలిసుంటే ఆ పాత బ్యాటరీ మార్చేవాడినే కాదు.

బటన్‌ని ఇంత మెచ్చుకున్నాను కానీ దానితో ఇబ్బందులు లేవని కాదు. క్లిప్పులు తగిలించక ముందే నొక్కితే, గాల్లో ఉన్న ప్రోబులు చూపించే పిచ్చి అంకెల్ని కూడా గుర్తు పెట్టుకుంటుంది. మధ్యలో క్లిప్పు జారితే మిన్ సున్నా అని రాసుకుంటుంది, దాన్ని చూసి ఒకసారి మెయిన్ స్విచ్ పోయిందనుకుని అంతా విప్పేశాను. ఇంకోటి, బటన్ నొక్కగానే రేంజ్ (మీటరు కొలిచే హద్దు) అక్కడికక్కడ లాక్ అయిపోతుంది. కేబుల్ మీద పెట్టినప్పుడు మొదట మిల్లీవోల్టుల్లో ఉంటుంది కదా, అక్కడ లాక్ అయితే సెల్ఫ్ కొట్టగానే ఓఎల్ (హద్దు దాటింది) అని పడి ఊరుకుంటుంది. రేంజ్ ముందే చేత్తో వోల్టుల్లోకి మార్చుకోవాలి, మీటరుతో వచ్చిన పుస్తకంలో ఇది ఎక్కడో మూలన ఒక ముక్కలో ఉంది. ఈ మోడ్‌లో మీటరు తనంతట తాను ఆఫ్ అవదు కూడా, మర్చిపోతే లోపలి బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీ. పైగా సెకనుకి కొన్నిసార్లే కొలుస్తుంది, తాళం తిప్పిన మొదటి క్షణంలో పడే అసలు లోతు దీనికి దొరకదు. నేను చెప్పిన 10.7, 11.4 అన్నీ ఆ లెక్కలోవే. నాకు పోల్చుకోవడానికి అవి సరిపోయాయి.

సెల్ఫ్ బాగా తిరిగి ఇంజిన్ అందుకోకపోతే మాత్రం ఇది పెద్దగా పనికిరాదు. పోయిన ఏడాది అలాగే అయింది, రెండు గంటలు వోల్టులు కొలిచాక చూస్తే కిల్ స్విచ్ క్లిప్పు సగమే ఎక్కి ఉంది. సీడీఐ ఇగ్నిషన్‌లో (స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) వచ్చే పొట్టి పల్సుల్ని మామూలు మీటరు సరిగ్గా కొలవలేదు, దానికి పీక్ వోల్టేజ్ అడాప్టర్ విడిగా కావాలి. నేను కొనలేదు, స్పార్క్ టెస్టర్‌తో సరిపెట్టుకుంటున్నాను.

నాలాగా ఒంటరిగా, ఉప్పునీళ్లలో, తాళం ఒకచోట బ్యాటరీ ఇంకోచోట ఉన్న బోటుతో తిరిగేవాళ్లయితే ఈ బటన్ ఉన్న మీటరే చూడండి, ఏ కంపెనీదైనా సరే. చిన్న ఇంజిన్‌ని తాడు లాగి స్టార్ట్ చేసేవాళ్లకి దీని అవసరం రాదు. తోడుగా ఒక మనిషి, ముల్లు తిరిగే పాత మీటరు ఉన్నా నా పని చాలావరకు అయిపోయేది, ముల్లు ఎంత కిందికి ఊగిందో కంటికి కనిపిస్తుంది కాబట్టి. నాకు ఆ మనిషి లేడు. ఇప్పుడు ప్రతి రెండు నెలలకీ ఒకసారి మైనస్ వైపు మాక్స్ కొలిచి తేదీతో పాటు బ్యాటరీ డబ్బా మూత లోపల రాస్తున్నాను. మొన్న రాసింది 0.2.